ఫ్రీజర్‌లో సముద్రం: ఐస్‌క్రీమ్ కేకు మీద మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆవకాయ గురించి రెండే రెండు, మిగతావన్నీ ఐస్‌క్రీమ్ కేకు గురించే. విశాఖలో ఉక్కపోత ఎలా ఉందో దీన్నిబట్టే తెలుస్తోంది. అడిగినవాళ్ళలో సగం మంది బాధ ఒకటే, పొరలు నిలబడటం లేదు, అన్నీ కలిసి ముద్దయిపోతున్నాయి అని. అందుకని ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. ఆవకాయవాళ్ళు వచ్చే వారం దాకా ఆగండి, ఊరగాయ కదా, తొందరేం లేదు.

ప్రశ్న: మా వాడికి మే నెలలో ఏడేళ్ళు నిండుతాయి. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ ఎక్కి వచ్చినప్పటి నుంచి, పుట్టినరోజుకి సముద్రం కేకు కావాలి, దాంట్లో సబ్‌మెరైన్ ఉండాలి, అదీ ఐస్‌క్రీమ్‌దే అయి ఉండాలి అని ఒకటే గోల. కిందటేడు మూడు రకాల ఐస్‌క్రీమ్‌లు ఒకదాని మీద ఒకటి పోసి ఫ్రీజర్‌లో పెడితే, కోసేసరికి అంతా కలిసిపోయి బురద రంగు ముద్ద వచ్చింది. ఈసారైనా నా పరువు దక్కేలా చెప్పండి మేడమ్.
— ఒక అమ్మ, సీతమ్మధార

జవాబు: మీ గుంటడి టేస్టు నాకు భలే నచ్చింది. ఆ సబ్‌మెరైన్, మన కురుసుర, 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరయి, 2002 నుంచి మన ఒడ్డున మ్యూజియమై కూర్చుంది, ఇన్నేళ్ళకి కేకు ఎక్కబోతోంది.

ముందు కిందటేడు ఏం జరిగిందో చూద్దాం. మీరు "పోసి" అన్నారు చూశారా, తప్పు అక్కడే ఉంది. ఐస్‌క్రీమ్‌ని పోయకూడదమ్మా, పరవాలి. డబ్బాలో మనం కొనే దాంట్లో చాలా భాగం గాలే, అందుకే లీటరు డబ్బా తూకం వేస్తే కిలో తూగదు, అరకిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. లీటరుకి కనీసం 525 గ్రాములు ఉండాలని మన దేశంలో నిబంధన కూడా ఉంది. ఆ గాలి బుడగలే దాన్ని మెత్తగా ఉంచేది. పూర్తిగా కరగనిచ్చారంటే గాలి పోతుంది, మళ్ళీ గడ్డకట్టినప్పుడు నీళ్ళన్నీ పెద్ద పెద్ద పలుకులుగా మారి నోట్లో గరగరమంటాయి. పైగా కరిగినది వేడిగా వెళ్ళి కింది పొరని కూడా కరిగిస్తుంది. మీ బురద రంగు వెనక కథ ఇదీ.

కాబట్టి డబ్బాని ఫ్రీజర్‌లోంచి తీసి బయట గట్టు మీద పెట్టకండి, ఫ్రిజ్‌లోనే కింది అరలోకి దించి ఇరవై నిమిషాలు, మరీ గట్టిదైతే అరగంట వదిలేయండి. గరిటెతో తిప్పితే గట్టి ఇడ్లీ పిండిలా కదలాలి, దోశ పిండిలా జారితే ఆలస్యమైపోయినట్టే, వెంటనే మళ్ళీ ఫ్రీజర్‌లోకి తోసేయండి. ఒకేసారి మూడు డబ్బాలూ దించొద్దు, ఏ పొర వేస్తున్నారో అదొక్కటే.

ఏడంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు ఉన్న గిన్నె తీసుకోండి. అడుగు ఊడే కేకు టిన్ను ఉంటే అదృష్టం, లేకపోతే అదే సైజు స్టీలు గిన్నెలో అడుగుకీ పక్కలకీ బటర్ పేపరు గాని మందపాటి పాలిథిన్ షీటు గాని పరిచి, అంచులు బయటికి వేలాడేలా వదలండి, రేపు కేకుని పైకి లాగడానికి అవే చేతులు. దీనికి లీటరుంబావు ఐస్‌క్రీమ్ చాలు, పదిమంది పిల్లలు తింటారు.

అడుగున ఇసుక. మారీ బిస్కెట్లు 150 గ్రాములు పొడి కొట్టండి, మరీ మెత్తగా కాదు, మన బీచ్ ఇసుకలా ఉండాలి. దాంట్లో కరిగించిన వెన్న 60 గ్రాములు, రెండు చెంచాల అనకాపల్లి బెల్లం తురుము కలిపి, గిన్నెలో పరిచి, చిన్న గిన్నె అడుగుతో గట్టిగా అదమండి. పొడి ముద్దగా అవ్వలేదని వెన్న ఎక్కువ పోసేవాళ్ళున్నారు, ఫ్రీజర్‌లో ఆ వెన్న రాయయిపోయి కేకు కోయడానికి కత్తి కాదు, కొబ్బరికాయ కొట్టే రాయి కావాలి. నేను ఒకసారి ఆ పని చేశాను, మా ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళకల్లా చెప్తారు. కొంచెం బిస్కెట్ పొడి విడిగా తీసిపెట్టుకోండి, చివర్లో పని ఉంది.

ఇసుక అరగంటలో బిగుస్తుంది. దాని మీద అర లీటరు చాక్లెట్ ఐస్‌క్రీమ్, అది మన డాల్ఫిన్స్ నోస్ కొండ రాళ్ళనుకోండి. అంచుల దగ్గర ఎత్తూ పల్లాలుగా వదిలేయండి, సమంగా ఉండక్కర్లేదు, రాళ్ళు సమంగా ఎక్కడున్నాయి? ఇప్పుడు మూడు గంటలు ముట్టుకోవద్దు. వేలితో నొక్కితే గుంట పడకూడదు, అప్పుడే పై పొర.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వంటల పుస్తకాలు చూసి చేసినవాళ్ళకి కూడా పొరలు కోసేటప్పుడు ఒకదాని మీంచి ఒకటి జారిపోతుంటాయి, కారణం మన ఉప్పు గాలి. ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా, కేకు బయట పెట్టినప్పుడల్లా ఈ తేమ గాలి చల్లటి ఐస్‌క్రీమ్ మీద చెమటలా దిగుతుంది, అది గడ్డకట్టి పల్చటి మంచు పొరలా కూర్చుంటుంది. దాని మీద మీరు ఎంత మంచి ఐస్‌క్రీమ్ పరిచినా అంటుకోదు. అందుకని ప్రతి పొర వేసిన వెంటనే దాని మీద పాలిథిన్ షీటు ఆనించి కప్పండి, గాలి సందు లేకుండా. మళ్ళీ తీసినప్పుడు ఫోర్కుతో పైన నాలుగు గీతలు గీసి, అప్పుడు తర్వాతి పొర పరవండి. ఈ గీతలు గీయడం నాకెవరూ చెప్పలేదు, గోడకి సిమెంటు వేసే ముందు మేస్త్రీ గీకడం చూసి పట్టుకున్నాను.

ఇక సముద్రం. నీలం రంగు సీసా కొనకండి, మీ పెరట్లోనో పక్కింటి గోడ మీదో శంఖుపూల తీగ ఉంటుంది చూడండి. నీలిరంగువి ఇరవై పూలు, వెనక ఆకుపచ్చ తొడిమ తీసేసి, మూడు నాలుగు చెంచాల వేడి పాలలో పది నిమిషాలు నానబెట్టి గట్టిగా పిండితే పాలు నీలంగా దిగుతాయి. బాగా చల్లారాక అర లీటరు వెనిల్లాలో కలపండి. పాలు ఎక్కువ పోయకండి, నీళ్ళు పెరిగితే గరగరలాడుతుంది. ఇంకోటి, వెనిల్లా తెల్లగా ఉన్నది కొనండి, పసుపు ఛాయ ఉన్నదైతే నీలం కాస్తా ఆకుపచ్చకి తిరుగుతుంది. తిరిగినా కంగారు పడకండి, హార్బరు వైపు నీళ్ళు అలాగే ఉంటాయి, మీ వాడికి అలాగే చెప్పేయండి. నిమ్మరసం మాత్రం చుక్క కూడా తగలనివ్వద్దు, ఆ పూల నీలం పులుపు తగిలితే ఊదా రంగయిపోతుంది. ఈ ఊదా సంగతి పిల్లలకి విడిగా గ్లాసు నీళ్ళలో చేసి చూపించండి, కేకు గడ్డకట్టేదాకా వాళ్ళని ఆపడానికి అదో పని.

ఈ పొర వేశాక రాత్రంతా వదిలేయండి. అంటే పుట్టినరోజుకి ముందు రోజు పొద్దున్న మొదలుపెట్టాలి, అదే రోజు చేసేద్దాం అనుకుంటే మళ్ళీ కిందటేడు కథే.

మర్నాడు సాయంత్రం, పిల్లలు రావడానికి గంట ముందు, వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు గిన్నె చుట్టూ అర నిమిషం చుట్టి కేకు బయటికి లాగండి, వెంటనే మళ్ళీ ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, అంచులు బిగుస్తాయి. తర్వాత పావు లీటరు తెల్ల వెనిల్లా చెంచాతో ఒక పక్కన అలల నురగలా లాగి, తీసిపెట్టుకున్న బిస్కెట్ పొడి అంచున ఒడ్డులా చల్లండి. సబ్‌మెరైనా? చాకోబార్. అవునండీ, పది నిమిషాల పని కూడా కాదు. పుల్ల లాగేసి, అడ్డంగా నీలంలోకి సగం దించి, నడుం మీద చిన్న వేఫర్ ముక్క చాక్లెట్ సిరప్‌తో నిలబెట్టారంటే కురుసుర రెడీ. పుల్లకి జెండా కాగితం అతికించి పక్కన గుచ్చండి.

కోసేటప్పుడు కత్తిని మరిగిన నీళ్ళలో ముంచి, తుడిచి, ఒక కోత. మళ్ళీ ముంచి, తుడిచి, ఇంకో కోత. తడి కత్తితో కోస్తే పొరల రంగులు పూసుకుపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, కేకు మీద తిరిగే ఫ్యాను ఆపేయండి. ఆ గాలి మనకి చల్లనే గాని కేకుకి కాదు, వేడి తేమ గాలిని తెచ్చి తెచ్చి దాని మీద పోస్తుంది. పాట అయ్యేదాకా చెమట పట్టినా ఓర్చుకోండి.

ప్రశ్న: మామిడిపండు పొర వేశాను. ముక్కలు గులకరాళ్ళలా అయిపోయి మా మామగారి పన్ను కదిలింది. పండు పుల్లటిదా, నేను పుల్లయ్యనా?
— ఒక కొత్త కోడలు, పెందుర్తి

జవాబు: ఇద్దరూ కాదు. మామిడిపండులో నూటికి ఎనభై పాళ్ళు పైగా నీళ్ళే, ముక్కలుగా వేస్తే ఆ నీళ్ళు గడ్డకట్టక ఏం చేస్తాయి. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో ఉండి కూడా మెత్తగా ఉందంటే దాంట్లో పంచదార, కొవ్వు, గాలి ఉన్నాయి కాబట్టి. పండుకి కూడా ఆ పంచదార సాయం మీరే చెయ్యాలి. రెండు కప్పుల గుజ్జులో అర కప్పు పంచదార వేసి సన్న మంట మీద దగ్గరకి రానివ్వండి, గరిటెతో బాణలి మధ్యలో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం అలాగే నిలబడాలి. చివర్లో చెంచాడు నిమ్మరసం. పూర్తిగా చల్లారాక, ఫ్రిజ్‌లో ఇంకో గంట పెట్టాకే కేకు మీద పరవండి.

ఏ పండు అంటే నేను సువర్ణరేఖ అంటాను, మన ఉత్తరాంధ్ర కాయ, ఆ ఎర్రటి బుగ్గ, రైతుబజారులో ముందుగా దిగేది కూడా అదే. బంగినపల్లి అయితే గుజ్జు నున్నగా వస్తుంది. రసాలు జుర్రుకోవడానికి వదిలేయండి, పీచు పొరలో అడ్డం పడుతుంది. తాజా ముక్కలు కావాలనుకుంటే వడ్డించే ముందు పైన చల్లండి, మామగారి మిగిలిన పళ్ళు భద్రం.

ప్రశ్న: మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. మీరు చెప్పేవన్నీ పెద్ద ఫ్రిజ్‌లవాళ్ళకేనా? పైగా మా కేకుకి చేపల వాసన వచ్చింది.
— కంచరపాలెం

జవాబు: పెద్ద ఫ్రిజ్‌లవాళ్ళకే రాయడానికి నాదీ పదేళ్ళు సింగిల్ డోరే. గడ్డకట్టిన మంచు గోడలా పేరుకుపోయి ఉంటే ఫ్రీజర్ తన పని తాను చేయలేదు, కాబట్టి రెండు రోజుల ముందు డీఫ్రాస్ట్ చేసి తుడవండి, ముందు రోజు రాత్రే నాబ్ బాగా చల్లదనం వైపు తిప్పి వదలండి. ఏడంగుళాల వెడల్పు కేకు జోలికి పోకుండా, స్టీలు టిఫిన్ డబ్బాల్లో ఒక్కొక్కరికి ఒక్కో చిన్న కేకు చేయండి. స్టీలు, అల్యూమినియం చలిని తొందరగా లాగుతాయి, ప్లాస్టిక్ కంటే ముందే గడ్డకడుతుంది. సత్తు గిన్నె అయినా సరే.

చేపల వాసన గురించి. ఆదివారం తెచ్చిన కోనాం ముక్కలు అదే ఫ్రీజర్‌లో ఉన్నాయి కదూ? పాల కొవ్వు పక్కనున్న వాసన ఏదైనా ఇట్టే పీల్చుకుంటుంది. కేకు చేసే రెండు రోజులూ చేపని కూర చేసి తినేయండి, లేదంటే మూత బిగువుగా ఉండే డబ్బాలో పెట్టి దాన్ని కవర్లో చుట్టండి. కేకుని కూడా అంతే గట్టిగా కప్పండి.

కరెంటు పోతే తలుపు తీసి "కరిగిందా" అని చూడకండి. చూసినందుకే కరుగుతుంది.

ప్రశ్న: నేను ఎంవీపీ కాలనీలో చేసి గాజువాకలో మా అక్క ఇంటికి తీసుకెళ్ళాలి. మధ్యలో ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు ట్రాఫిక్. కుదురుతుందా?
— ఒక చెల్లెలు

జవాబు: కుదురుతుంది, కుల్ఫీ బండివాడు ఏళ్ళ తరబడి చేస్తున్న పనే కదా అది. ఉత్త ఐసు కాదు, ఐసూ ఉప్పూ. మూడు పాళ్ళు కొట్టిన ఐసుకి ఒక పాలు కల్లుప్పు కలిపితే ఐసు కరగడం మొదలుపెడుతుంది, కానీ కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది కాబట్టి ఆ మిశ్రమం సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి పోతుంది. లెక్క ప్రకారం ఉప్పు నీరు దాదాపు సున్నాకి 21 డిగ్రీల కింది దాకా గడ్డకట్టకుండా ఉండగలదు, మన థర్మోకోల్ పెట్టెలో అంత దిగదు గాని గంట ప్రయాణానికి సరిపడా దిగుతుంది.

కేకు గిన్నెని గట్టిగా మూతపెట్టి, ఒకటి కాదు రెండు కవర్లలో కట్టండి, ఉప్పునీళ్ళు లోపలికి దిగితే ఆ కేకు నిజంగానే సముద్రమైపోతుంది. పెట్టె అడుగున ఒక వరస ఐసుప్పు, మధ్యలో గిన్నె, చుట్టూ, పైన మళ్ళీ ఐసుప్పు. పెట్టె కొత్తది కొనండి. చేపలవాళ్ళ దగ్గర ఖాళీగా ఉంది కదా అని తెచ్చుకున్నారంటే పై ఉత్తరం మళ్ళీ నాకు మీరే రాస్తారు. బండి మీద వెళ్ళకండి, అలంకారం అక్కడికి వెళ్ళాకే చేయండి.

ప్రశ్న: డబ్బా మీద "ఫ్రోజెన్ డెజర్ట్" అని ఉంది. అది నకిలీ ఐస్‌క్రీమా?
— మధురవాడ

జవాబు: నకిలీ కాదు, వేరే సరుకు. మన దేశంలో మామూలు "ఐస్‌క్రీమ్" అని అమ్మాలంటే అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, అంతకంటే తక్కువైతే మీడియం ఫ్యాట్ అనో లో ఫ్యాట్ అనో రాయాలి. ఫ్రోజెన్ డెజర్ట్‌లో పాల కొవ్వు బదులు వంట నూనెల కొవ్వు వాడతారు, అందుకే ఆ పేరు డబ్బా మీద వేయాలి. కేకుకి రెండూ పనికొస్తాయి. తిన్నాక నాలుక మీద నూనె పూసినట్టు ఉండటం నాకు నచ్చదు గనక నేను ఐస్‌క్రీమే కొంటాను, అది నా నాలుక గొడవ. చాలా రకాలు పక్కపక్కనే, ఒకే రంగు డబ్బాల్లో ఉంటాయి కాబట్టి కొనేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర సేమియా ఐసు అమ్మేవారు. ఆ రుచి కేకులో పెట్టగలమా?
— ఒక తాతగారు, లాసన్స్ బే కాలనీ

జవాబు: తాతగారూ, మీ ఉత్తరం చదివి నేను అరగంట పని మానేశాను. ఆ పుల్ల చివర తెల్లగా, వంకర టింకరగా సేమియా అంటుకుని ఉండేది, ముందు కిందదంతా చీకేసి దాన్ని చివరికి దాచుకునేవాళ్ళం, ఈలోగా అది కాస్తా ఊడి మట్టిలో పడేది. తప్పకుండా పెట్టొచ్చు. అర కప్పు సన్న సేమియా నేతిలో ఎర్రగా కాదు, కొద్దిగా రంగు మారేదాకా వేయించి, రెండు కప్పుల చిక్కటి పాలలో బాగా మెత్తగా ఉడికించండి, పలుకు మిగిలితే ఫ్రీజర్‌లో అది తీగ ముక్కే. అర కప్పు కండెన్స్‌డ్ మిల్క్, యాలకులు కలిపి, పాయసం కంటే గట్టిగా ఉండగా దించి చల్లార్చండి. దాన్ని మధ్య పొరగా వేసి, కింద వెనిల్లా, పైన గులాబీ రంగు స్ట్రాబెర్రీ. పైన పలాస జీడిపప్పు వేయించి చల్లుకోవచ్చు, కానీ అప్పట్లో మనకి ఐసులో జీడిపప్పు ఎవరిచ్చారు, లేకపోతేనే అసలు రుచి.

పళ్ళు జివ్వుమంటే ముక్కని ప్లేటులో అయిదు నిమిషాలు వదిలేసి తినండి.

ప్రశ్న: మిగిలిన కేకు ఎన్నాళ్ళు ఉంటుంది?
— గోపాలపట్నం

జవాబు: కరగకముందే తిరిగి పెట్టేసి, కోసిన వైపు షీటు ఆనించి మూసేస్తే వారం రోజులు రుచిగా ఉంటుంది, ఆ తర్వాత పైన మంచు పేరుకుంటుంది. బల్ల మీద ఉండి కారిపోయినదాన్ని మాత్రం మళ్ళీ గడ్డకట్టించొద్దు. వెంటనే చల్లటి పాలు పోసి మిక్సీలో తిప్పి గ్లాసుల్లో పోసేయండి, అడుగున ఉన్న బిస్కెట్ ఇసుకతో సహా. మా ఇంట్లో మొదటిసారి చేసిన ఐస్‌క్రీమ్ కేకు కరెంటు పోయి అలాగే గ్లాసుల్లోకి వెళ్ళింది, దాని మీద ఒక కొవ్వొత్తి కూడా పెట్టాం.